పట్టుగుడ్డ కింద నాడి

నేను ముప్పై రెండేళ్ళు సర్కారు ఆస్పత్రుల్లో హాస్పిటల్ అసిస్టెంటుగా పనిచేసి దిగిపోయాను. ఏ ఊరినుంచి ఏ ఊరికి బదిలీ అయ్యానో, జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ దొర ఏమని మెచ్చుకున్నాడో ఇక్కడ రాయను. అవన్నీ సర్కారు కాగితాల్లో ఉన్నాయి. చెదలు తినకపోతే కావలసినవాళ్ళకి దొరుకుతాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చి, "ఏ పుస్తకం చదవమంటారండీ?" అని అడుగుతూంటారు. పుస్తకాలు మీరెలాగూ చదువుతారు, పరీక్ష ఉంది కాబట్టి. పుస్తకం మూసేసి రోగి ముందు కూర్చున్నాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. అందుకని ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇందులో నేను నయం చేసిన రోగుల గొప్పలు లేవు. నయమైనవాళ్ళు నాకేమీ నేర్పలేదు. వాళ్ళలో సగంమంది నేను మందివ్వకపోయినా లేచి తిరిగేవాళ్ళే. నాకు నేర్పింది ఒక పదేళ్ళ పిల్ల. పేరు కామాక్షి. నేను చేసిన తప్పుకి ఆ పిల్ల ప్రాణం పోవలసింది.

నిండు నిమిషం

మా తాత పాలేరు. మా నాన్న రాజమండ్రిలో మిషను బళ్ళో పంతులు. నేను మద్రాసులో వైద్యం నేర్చుకుని, జేబులో గడియారం పెట్టుకుని తిరిగొచ్చాను. మూడు తరాల్లో ఇంత ఎత్తుకి వచ్చామన్న గర్వం నాకు బాగా ఉండేది. ఆ గర్వం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నా మీద అధికారి జిల్లా సర్జను దొర. ముక్కుమీద కోపం మనిషి. తెలుగు బాగానే పట్టుబడింది గాని, "మీరు" అన్న మాట మాత్రం నోటికి రాలేదు. జమీందారునీ నువ్వే, బంట్రోతునీ నువ్వే. అందరికీ ఒకే మర్యాద కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఒకరోజు నేను రోగి నాడి పావు నిమిషం చూసి, నాలుగుతో హెచ్చవేసి పుస్తకంలో రాస్తూంటే ఆయన వెనకనుంచి చూశాడు.

"నిమిషం అంతా ఎందుకు చూడలేదు?"

"వరసలో చాలామంది ఉన్నారండి. లెక్క ఎలాగూ అదే వస్తుంది కదండీ."

"లెక్క వస్తుంది. నాడి రాదు. నువ్వు చూసింది రాయి, అనుకున్నది రాయకు" అని, ఆ పూట వచ్చిన ప్రతి రోగి నాడినీ నా చేత రెండేసి నిమిషాలు చూపించాడు. వరస మధ్యాహ్నం దాటినా తరగలేదు. జనం నన్ను తిట్టుకున్నారు, నేను దొరని తిట్టుకున్నాను. దొర మాత్రం పొగ పీల్చుకుంటూ హాయిగా కూర్చున్నాడు.

ఇంకొక సంగతి కూడా ఆయన దగ్గరే చూశాను. ఒక పడవ కూలీ కాలవగట్టు మీద తాడు లాగుతూ లాగుతూ కళ్ళు తిరిగి నీళ్ళల్లో పడి చచ్చిపోయాడు. పాతికేళ్ళవాడు, తాగినవాడు కాదు. పోలీసులు శవాన్ని పంపితే దొర కోశాడు, నేను పక్కన నిలబడ్డాను. గుండె చేతిలోకి తీసుకుని, కింది రెండు గదుల మధ్య గోడలో ఉన్న కంతలో తన చిటికెనవేలు దూర్చి నాకు చూపించాడు.

"పుట్టేటప్పుడే గోడ పూర్తికాలేదు. ఇలాంటి గుండె చప్పుడు చేస్తుంది. చెవి పెడితే ఈల వేసినట్టు వినిపిస్తుంది" అన్నాడు. తరవాత కాసేపు ఆలోచించి, "కంత ఉన్నవాడికి ఆయాసం రావాలి. కళ్ళు ఎందుకు తిరిగాయి?" అని తనలో తను అనుకున్నాడు.

నాకు ఆ ప్రశ్నే అర్థంకాలేదు. గుండె అంటే నాలుగు గదులూ, గోడలూ, తలుపులూ అనే నేర్చుకున్నాను. కొట్టుకోమని ఆ గదులకి ఎవరు చెబుతారు, ఆ మాట ఏ దారిన వెళుతుంది అన్నది మద్రాసులో ఎవరూ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

అగ్రహారం నుంచి కబురు

కామాక్షి సంగతి జరిగేనాటికి నేను దొరకి దూరంగా, కోనసీమలో కాలవ మీద లాకుల దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో ఉన్నాను. ఊరి పేరు చెప్పను. రెండు క్రోసుల దూరంలో అగ్రహారం. అక్కడినుంచి ఒక శాస్త్రి గారు, పౌరోహిత్యం చేసుకునే ఆయన, నన్ను పిలవడానికి తనే వచ్చారు. ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. ఆయన వాకిట్లో, ఎండలో నిలబడి మాట్లాడారు.

"మా అమ్మాయి కామాక్షి అండి. పదేళ్ళు. నాలుగడుగులు వేస్తే కూలబడిపోతోంది. పాదాలు పొంగుతున్నాయి. మా వైద్యుడు గారు చెయ్యి చూసి నాడి మందంగా ఉందన్నారు, మందులిచ్చారు. గుణం కనపడలేదు. తల్లి లేని పిల్లండి."

నాడి మందం అన్న మాటకి నేను లోపల నవ్వుకున్నాను. గడియారం లేనివాడికి మందమేమిటి, చురుకేమిటి అనుకున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు చూడండి, ఆ రోజు ఆ కుందేలు నా చేతిలోనే ఉంది.

వాళ్ళింటికి వెళితే నన్ను వసారా అంచున కూర్చోబెట్టారు. పిల్ల చాపమీద ఉంది. సన్నగా, తెల్లగా, పెద్ద పెద్ద కళ్ళతో ఉంది. గుమ్మం లోపల తడిబట్టతో ఒక ముసలావిడ నించుని ఉన్నారు. ఆవిడ శాస్త్రి గారి తల్లి. ఊరంతా ఆవిణ్ణి మామ్మగారు అనేవారు. పిల్లని పెంచింది ఆవిడే, నన్ను పిలవమని కొడుకుని పంపిందీ ఆవిడే.

నేను చెయ్యి చాచేసరికి మామ్మగారు లోపలినుంచి, నాతో కాదు, కొడుకుతో అన్నారు: "ఒరే, ఆ పట్టుగుడ్డ వెయ్యరా దాని చేతిమీద. ఆయన ముట్టుకుంటే తలమీద నీళ్ళు పొయ్యాలి. జబ్బు పిల్ల, నీళ్ళు పోస్తే పడదు."

పట్టుకి అంటు లేదని వాళ్ళ ఆచారం. శాస్త్రి గారు ఒక పాత పట్టుగుడ్డని నాలుగు మడతలు వేసి పిల్ల మణికట్టు మీద పరిచారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ మాటలో నన్ను కించపరచడం కంటే పిల్లమీద ఆపేక్షే ఎక్కువ ఉంది. అప్పుడు నాకు అలా తోచలేదు. ఒళ్ళు మండింది. మా తాత ఆ వీధిలోకి రావడానికి కూడా వీల్లేదు. నేను సర్కారు ఉద్యోగిని, గడియారంతో వచ్చాను, అయినా నాకూ పిల్లకీ మధ్య నాలుగు మడతల గుడ్డ. "గుడ్డ తియ్యండి, తెలియడం లేదు" అంటే ఒక్క మాటతో పోయేది. ఆ ఒక్క మాట అడగడానికి నాకు నామోషీ అయింది. కర్ర గొట్టం సంచిలోనే ఉంది, గుండెమీద పెట్టి వినాలి. అదీ అడగలేదు. వద్దంటారని నాకు నేనే అనేసుకున్నాను.

గుడ్డమీద వేళ్ళు పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టాను. దొర నేర్పిన పాఠం అంతవరకూ పాటించాను. ముప్పై ఎనిమిది వచ్చింది.

పదేళ్ళ పిల్లకి ఎనభై తొంభై ఉండాలి. ఇదేమిట్రా అని పిల్ల మొహంకేసి చూశాను. మెడ పక్కన నరం అదురుతూ కనిపించింది. చకచకా అదురుతోంది. కంటితో లెక్కపెట్టబోతే మధ్యలో పిల్ల తల తిప్పింది. పూర్తి లెక్క తేలలేదు గాని, చేతిలో తెలిసినదానికి రెట్టింపు ఉంటుందని తోచింది.

అంతే, నాకు సమాధానం దొరికేసింది. మెడ రెండుసార్లు అదిరితే చేతిలో ఒకసారే తెలుస్తోంది. అంటే ఒకటి విడిచి ఒకటి గుడ్డ మింగేస్తోంది! ముప్పై ఎనిమిదిని రెండుతో హెచ్చవేసి, డెబ్బై ఆరు అని దొరకి ఉత్తరం రాశాను. కాళ్ళు పొంగడం, ఆయాసం, నీరసం, అన్నీ వివరంగా రాశాను. నాడి గుడ్డమీదనుంచి చూశానని మాత్రం రాయలేదు.

కుర్రాళ్ళూ, ఈ చోట కాసేపు ఆగండి. గుడ్డ మీద నాకు ముందే కోపం ఉంది. లెక్క తప్పితే ఆ నేరం మోపడానికి అది సిద్ధంగా కనిపించింది. నా కోపమే హెచ్చవేత చేసింది. తెలివితక్కువవాళ్ళు చేసే తప్పు కాదిది. కొంచెం తెలివి, కొంచెం పౌరుషం కలిసినవాళ్ళు చేసేది.

మూడు సంధ్యలా అయిదు చుక్కలు

నాలుగో రోజున టపా పడవలో జవాబు వచ్చింది. గుండె అలిసింది, నాడి మామూలుగా ఉంది కాబట్టి డిజిటాలిస్ టింక్చరు రోజుకి మూడుసార్లు అయిదేసి చుక్కలు ఇమ్మని దొర రాశాడు. గుండెజబ్బుకి ఆ రోజుల్లో అందరూ ఇచ్చే మందు అదే. పరిగెత్తే గుండెని అది నెమ్మది చేస్తుంది, బలం ఇస్తుంది. నేను రాసిన అంకె నిజమైతే దొర చెప్పిన దాంట్లో తప్పు లేదు.

మా చేతి నీళ్ళు కలిపిన మిక్చరు అగ్రహారంలో తాగరు. చుక్కల మందు అయితే సీసా ఇచ్చేస్తే వాళ్ళ నీళ్ళల్లో వాళ్ళే వేసుకుంటారు. "దీనికి మా వాళ్ళు ఒప్పుకుంటారండి" అని శాస్త్రి గారు సంతోషంగా సీసా పట్టుకెళ్ళారు.

మామూలు రోగులు మందు ఒకపూట వేసుకుంటే రెండుపూటలు మరిచిపోతారు. మా మందుల వల్ల చచ్చేవాళ్ళు తక్కువగా ఉండడానికి అదొక కారణం. మామ్మగారు అలా కాదు. కొడుకు సంధ్య వార్చుకునే వేళకి సరిగా, మూడు పూటలా, స్నానం చేసి వచ్చి, అయిదు చుక్కలు లెక్కపెట్టి వేసేవారు. ఆరోది పడితే పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒక్క పూట తప్పించలేదు.

పదకొండో రోజున శాస్త్రి గారు పరుగున వచ్చారు. ఈసారి ఎండలో నిలబడలేదు, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చేశారు.

"పిల్లకి వాంతులండి. తిండి సయించడం లేదు. నిన్నటినుంచి మూర్ఛలు. కళ్ళు తేలేస్తోంది. గాలి సోకింది, భూతవైద్యుణ్ణి పిలవమంటున్నారు ఊళ్ళోవాళ్ళు. మా అమ్మ మిమ్మల్నే తీసుకురమ్మంది. త్వరగా రండి బాబూ!"

గుడ్డ తీసెయ్యి

వెళ్ళేసరికి పిల్ల అదే చాపమీద ఉంది. పెదాలు పాలిపోయాయి. మామ్మగారు గుమ్మం దాటి వసారాలోకి వచ్చి పక్కనే కూర్చుని ఉన్నారు. పిల్ల మణికట్టు మీద పట్టుగుడ్డ అప్పటికే పరిచి ఉంది. నేను వేళ్ళు పెట్టాను. ఏమీ తెలియలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. తెలియలేదు. నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు గాని మామ్మగారు చూశారు.

"ఏవయ్యా, తెలియడం లేదా?"

"లేదండి."

"గుడ్డ వల్లనా?"

ఈసారి అబద్ధం ఆడలేదు. "ఏమో తెలియదండి. గుడ్డ ఉంటే చెప్పలేనండి" అన్నాను.

ఆవిడే గుడ్డ లాగి అవతల పారేశారు. "ఆచారం నాది, ప్రాణం దానిది. పట్టుకో నాయనా, గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. నాడి ఉంది. ఒకటి కొట్టి, చాలాసేపు ఆగి, ఇంకొకటి. నిమిషానికి ఇరవై ఆరు. మధ్యలో గుడ్డ లేదు. నా వేళ్ళూ, పిల్ల చర్మమూ అంతే. ఆ గుడ్డ అంతకుముందు కూడా ఏమీ మింగలేదని, ముప్పై ఎనిమిది నిజంగా ముప్పై ఎనిమిదేనని ఆ నిమిషంలో తెలిసింది.

ఇంతలో నాడి ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు అని నా మనసులో గడియారం ముల్లు లెక్క నడుస్తోంది. ఆరు, ఏడు. పిల్ల కళ్ళు పైకి వెళ్ళాయి. తొమ్మిది, పది. చేతులు కొట్టుకున్నాయి, మొహం మైనంలా అయింది. శాస్త్రి గారు "అమ్మా కామూ!" అని అరిచారు. నేను మెడకేసి చూశాను. అక్కడ నరం అదురుతూనే ఉంది! చేతిలో నాడి లేదు, మెడలో చకచకా అలాగే అదురుతోంది, తనకేమీ పట్టనట్టు. పధ్నాలుగో అంకెకి చేతిలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. తరవాత ఇంకొకటి. పిల్ల మొహం ఎర్రగా కందింది, ఊపిరి గట్టిగా పీల్చి కళ్ళు తెరిచింది.

"మామ్మా, దాహం" అంది.

గాలీ లేదు, భూతమూ లేదు. గుండె కొట్టడం మానేస్తే మెదడుకి రక్తం అందక వచ్చిన మూర్ఛ అది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అసలే నెమ్మదిగా ఉన్న గుండెకి ఇంకా నెమ్మది చేసే మందు పదకొండు రోజులు పోయించాను.

"ఆ సీసా ఇటిచ్చెయ్యండి. ఇంకొక్క చుక్క వెయ్యకండి" అన్నాను. దొర ఉత్తరువు లేకుండా దొర మందు ఆపడం అదే మొదటిసారి.

మామ్మగారు పిల్లకి నీళ్ళు పట్టి, నాకేసి తిరిగారు. "మొదటినుంచీ దీని గుండె నెమ్మదేనయ్యా. తల్లి పురిట్లోనే పోయింది. నా రొమ్ముమీద పడుకోబెట్టుకుని పెంచాను. నా గుండె రెండుసార్లు కొట్టుకుంటే దీనిది ఒకసారి. పసిగుడ్డుకి అలా ఉంటుందా అని అప్పుడే అనుకున్నాను."

"ఆ మాట ముందే చెప్పలేదేమండీ?"

"అడిగితే కదుటయ్యా చెప్పడానికి! వచ్చావు, చెయ్యి చూశావు, చక్కాపోయావు."

వైద్యుడు చెప్పాడు, మామ్మగారికి తెలుసు, నా వేళ్ళకి కూడా తెలిసింది. నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే.

"అమ్మగారూ, తప్పు నాదండి. నాడి తక్కువ ఉంటే ఎక్కువ ఉందని దొరగారికి రాశాను. ఆ మందు అందుకే వచ్చింది" అన్నాను.

శాస్త్రి గారు లేచి నిలబడ్డారు. ఆయన కొడతారనుకున్నాను, కొట్టినా న్యాయమే. మామ్మగారు చేత్తో ఆయన్ని ఆపారు.

"తప్పు సంగతి తరవాత చూసుకుందాం. పిల్ల బతుకుతుందా?"

"తెలీదండి."

"ఈ తెలీదన్న మాట ఆవేళే అనుంటే బాగుండేది" అన్నారు ఆవిడ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ముప్పై రెండేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు, అవేవీ గుర్తులేవు.

దొరగారి పడవ

మూడు రోజులు ఆ వసారాలోనే కూర్చుని గంటగంటకీ నాడి చూశాను. మొదటి రోజు మూర్ఛలు నాలుగు వచ్చాయి, రెండో రోజు ఒకటి. మూడో రోజు రాలేదు. నాడి ఇరవై ఆరు నుంచి ముప్పై ఒకటికి వచ్చింది. మామ్మగారు నాకు అరటాకులో అన్నం పెట్టించారు, వసారా అంచునే. నేను పిల్లని ముట్టుకున్న ప్రతిసారీ పిల్లమీద నాలుగు పసుపు నీళ్ళచుక్కలు చల్లి, తాను మాత్రం చెరువుకి వెళ్ళి మునిగి వచ్చేవారు. ఆచారం ఆవిడ వదల్లేదు. పిల్ల వాటా కూడా తనే మోసుకున్నారు.

నాలుగో రోజున దొర తనిఖీకి వస్తూ పడవ లాకు దగ్గర కట్టించాడని కబురొచ్చింది. నడిచి వెళ్ళాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్నాను. మందు పడలేదు, పిల్ల నీరసించింది అంటే సరిపోతుంది. డెబ్బై ఆరు అన్న అంకె ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఉంటుంది. పడవ ఎక్కాక దొర "ఏమిటి?" అన్నాడు. కూడబలుక్కున్నది కాక జరిగింది చెప్పేశాను. పట్టుగుడ్డ, ముప్పై ఎనిమిది, మెడ నరం, హెచ్చవేత, అంతా చెప్పాను.

దొర తిట్టలేదు. నా తలమీద పిడుగు పడుతుందని కాచుకుని ఉన్నాను, పడలేదు. "నరం అదరడం చూశావా? చెయ్యి ఆగినప్పుడు కూడా అదిరిందా?" అని రెండుసార్లు అడిగాడు. టోపీ పెట్టుకుని బయలుదేరాడు.

అగ్రహారంలో ఆయన బూట్లు విప్పి వసారా ఎక్కాడు. నన్ను మణికట్టు పట్టుకోమన్నాడు, తను మెడకేసి చూస్తూ కూర్చున్నాడు. గడియారం మా ఇద్దరి మధ్యా చాపమీద పెట్టాడు. ఇద్దరం ఒకే నిమిషం లెక్కపెట్టాం. నాది ముప్పై మూడు. ఆయనది ఎనభై ఎనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాం. అవే అంకెలు. రెట్టింపు కాదు, రెట్టింపుకి దగ్గర కూడా కాదు. పైదాని నడక పైదానిది, కిందిదాని నడక కిందిదానిది.

"మెడలో అదిరేది గుండె పై గది. చేతిలో తెలిసేది కింది గది. పై గది పిలుస్తోంది, కింది గదికి వినపడటం లేదు. తనకి తోచినప్పుడు తను కొట్టుకుంటోంది" అన్నాడు దొర. తరవాత కర్ర గొట్టం పిల్ల గుండెమీద పెట్టి చాలాసేపు విని, గొట్టం నాకిచ్చాడు. ప్రతి దెబ్బకీ సన్నగా ఈల వినిపించింది. గోడలో కంత. పడవ కూలీ గుర్తొచ్చాడు. దొరకి కూడా గుర్తొచ్చినట్టుంది, "ఆ కంతకీ ఈ చెవుడికీ చుట్టరికం ఉంది. ఏమిటో నాకు తెలియదు" అన్నాడు.

"మందేమిటండీ?" అని శాస్త్రి గారు చేతులు కట్టుకుని అడిగారు.

"ఏ మందూ వద్దు. నెమ్మది గుండె, పుట్టుకతో వచ్చింది. దాని నడకన దాన్ని నడవనివ్వు. పరిగెత్తించకు" అని చెప్పి దొర లేచాడు.

తిరిగి వెళుతూ కాలవగట్టు మీద ఆగి నాకేసి చూశాడు. "నువ్వు రెండు అంకెలు చూశావు. రెండూ నిజం. రాసింది మాత్రం మూడోది."

ఉద్యోగం తియ్యలేదు. ఆ కేసు మొత్తం, నా తప్పుతో సహా, నా చేతిరాతతోనే రాయించుకుని తీసుకెళ్ళాడు. ఇంకొక నకలు నా దగ్గర ఉంచుకోమన్నాడు. "ఎప్పుడైనా నువ్వు తెలివైనవాడివని అనిపిస్తే చదువుకో" అన్నాడు. ఆ కాగితం పెట్టె అడుగున ఉంచాను. ఆ అవసరం చాలాసార్లు వచ్చింది.

గోడలో దారి

చాలా ఏళ్ళకి, దొర తన సీమకి, ఇంగ్లండుకి, వెళ్ళిపోయాక, మద్రాసులో పెద్ద పరీక్ష ప్యాసైన ఒక తెలుగు డాక్టరు గారు నా మీద అధికారిగా వచ్చారు. వయసులో నా కొడుకంతవాడు. చదువు ఉంది, పొగరు లేదు. ఇలాంటివాళ్ళు తక్కువ, దొరికితే వదులుకోకండి. ఆయన ఒక వైద్య పత్రిక చదివి నాకు అర్థం చెప్పారు. గుండె పై గదులనుంచి కింది గదులకి ఒక సన్నటి కండపోగు ఉంటుందని జర్మనీలో ఒకాయన కనిపెట్టాడట. పై గదుల మాట కింది గదులకి చేరే దారి అదేనట. అది సరిగ్గా మధ్యగోడ దగ్గరే కిందికి దిగుతుంది.

నేను పత్రిక ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. గోడ కట్టుబడి సరిగా జరగకపోతే దారి మాత్రం సరిగా ఎలా ఉంటుంది? కొందరికి ఆ పోగు, కామాక్షికి లాగా, పుట్టుకతోనే తెగి ఉండవచ్చు, కొందరికి, ఆ పడవ కూలీకి లాగా, పక్కదారి పట్టి, సన్నబడి, తరవాతెప్పుడో తెగవచ్చు. ఇది నా ఊహ, పుస్తకంలో లేదు. మా కాలవమీద పై లాకువాడు కేక వేస్తే కింది లాకువాడు తలుపులెత్తుతాడు. కేక అందకపోతే, చూసి చూసి, తనకి తోచినప్పుడు ఎత్తుతాడు. పడవలు నడుస్తాయి, ఆలస్యంగా. ఆ కింది లాకువాడికి మత్తుమందు కూడా పోసినవాణ్ణి నేను.

కంత ఉన్న ప్రతి గుండెకీ ఈ చెవుడు ఉంటుందనుకోకండి. కంత ఉండి మామూలుగా కొట్టుకునే గుండెలు చాలా చూశాను. కంత లేకుండా పుట్టుకతోనే నెమ్మదైన గుండె ఒకటి చూశాను. అందుకని నియమాలు చెప్పను. మూర్ఛ అని ఎవరైనా వస్తే నాడిమీద చెయ్యి వేసి మెడకేసి చూడండి. పుట్టినప్పుడు ఎలా ఉండేదని పెంచినవాళ్ళని అడగండి. చెయ్యి ఒకటీ మెడ ఒకటీ చెబితే ఏదో ఒకటి అబద్ధమని అనుకోకండి.

చివరి లెక్క

నేను దిగిపోయే ముందు కొన్నాళ్ళు పాలకొల్లు దగ్గర పనిచేశాను. ఒక ఉదయం వరసలో ఒకావిడ పసిపిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చింది. మనిషి సన్నం, నడక నిదానం. నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని ఆయాసం తీర్చుకున్నాక నవ్వింది.

"గుర్తుపట్టలేదాండీ? నేను కామాక్షినండి. మూడు సంధ్యలా అయిదు చుక్కలు!"

నేను గబుక్కున లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో నాకే తెలియదు. ముప్పై ఏళ్ళ మనిషి. భర్త బళ్ళో పంతులు. ప్రసవం గండమని అందరూ భయపెట్టారట, గడిచిందట. శాస్త్రి గారు ఉన్నారు. మామ్మగారు పోయి అయిదేళ్ళయింది.

"వీడి నాడి చూడండి ముందు" అని పిల్లవాణ్ణి నా ఒళ్ళోనే పడుకోబెట్టేసింది. పసివాడిది చేతిలో తెలియదు, గుండెమీద గొట్టం పెట్టి నిండు నిమిషం విన్నాను. నూట ముప్పై. ఈల లేదు.

"వీడు మా వారి పోలికండి. ఇద్దరి గుండెలకీ తొందరే" అంది. తరవాత సంచీలోంచి ఒక పాత పట్టుగుడ్డ తీసింది. అదే గుడ్డ. నేను చూస్తూండగా నాలుగు మడతలు వేసి బల్లమీద పరిచింది. దానిమీద తన చెయ్యి వెల్లకిలా పెట్టింది. గుడ్డ మణికట్టు కింద ఉంది.

నేను వేళ్ళు పెట్టి గడియారం చూశాను. వరసలో వెనకవాళ్ళు సణుక్కున్నారు. సణుక్కోనిచ్చాను. ముప్పై ఆరు వచ్చింది. పైకే చెప్పాను.

"మరి మెడలోదండీ?"

ఆమె తల పక్కకి తిప్పి కదలకుండా కూర్చుంది. ఇంకొక నిమిషం చూశాను. ఎనభై నాలుగు.

"రెండూ రాసుకోండి డాక్టరు గారూ. మళ్ళీ మీరు ఒకటే రాస్తారేమోనని మా మామ్మ పోయేముందు కూడా బెంగపెట్టుకుంది" అంది నవ్వుతూ.

నాకు కళ్ళు కనిపించలేదు కాసేపు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి పెట్టె అడుగునుంచి ఆ పాత కాగితం తీశాను. అడుగున రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాశాను. దేన్నీ దేనితోనూ హెచ్చవేయలేదు.